మిల్లు కారు: ఒక అంబాసిడర్ చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా పాత చరిత్ర రాసి పంపమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, తాలూకా కచేరీ రోజులు రాయాలా, పే రివిజన్ల కోసం చేసిన ఆందోళనలు రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. అవి నాకన్నా బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుకని మా వేంపల్లె ఇంటి ముందర వేపచెట్టు కింద నిలిచి ఉన్న పాత అంబాసిడర్ కారు గురించి రాస్తున్నాను. దానిని నేను ఎందుకు కొన్నానని బంధువులు, మిత్రులు ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈ వయసులో దాచుకోవలసిన అవసరం లేదు కాబట్టి అసలు సంగతి ఇక్కడ చెబుతాను.

ముందుగా కారు కథ. మన దేశంలో సామాన్యుడికి కారు ఎందుకు అందలేదో తెలిస్తే తప్ప, ఒక చిన్న ఊళ్ళో ఒకే ఒక కారు ఉండటం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు అర్థం కాదు.

స్వాతంత్ర్యానికి ముందు మన దగ్గర తిరిగిన మోటారు బండ్లన్నీ పరాయి దేశాలవే. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో విడిభాగాలు తెచ్చి బండ్లు బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఫోర్డు కంపెనీ కూడా అదే పని చేసింది. కార్లు రాజులకు, జమీందార్లకు, దొరలకు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ 1912 నాటి పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు పెట్టిన బండి అది. వెనుక సీటును సింహాసనంలా ఎత్తుగా కట్టించారు. బండి చేతికి రాకముందే 1911లో ఆయన కాలం చేశారు. నేను దానిని చూసినప్పుడు ముచ్చట వేసింది కానీ, అది మనలాంటి వాళ్ళ బతుకుల్లోకి వచ్చిన బండి కాదు. మన వైపు మామూలు జనానికి తెలిసినవి బస్సులే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను పెట్టడంతో బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపారు. ఎత్తు ఎక్కలేకపోతే ప్రయాణికులంతా దిగి తోసేవారని మా నాయన చెప్పేవాడు.

బిర్లాలు 1942లో హిందుస్థాన్ మోటార్స్ స్థాపించి గుజరాత్‌లోని ఓఖా రేవులో పని ప్రారంభించి, 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపాడాకు మార్చారు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. వారిది బొంబాయి, వారి బండి ఫియట్. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ ఉండేది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మీద, దేశంలో విడిభాగాలు తయారు చేసే ప్రణాళిక లేని కంపెనీలు ఇక్కడ ఉండనక్కరలేదని ప్రభుత్వం తేల్చింది. ఫోర్డు, జనరల్ మోటార్స్ వెళ్ళిపోయాయి. మిగిలిన కార్ల కంపెనీలు ముఖ్యంగా ఈ మూడే.

హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండులోని మోరిస్ కంపెనీ నమూనాలతో కార్లు చేసేవారు. ఆ మోరిస్ కంపెనీ పెట్టిన విలియం మోరిస్ మొదట ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో సైకిళ్ళు బాగుచేసుకునే మనిషి. తర్వాత లార్డ్ నఫీల్డ్ అయ్యాడు. ఆయన కంపెనీ చేసిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు 1957లో ఇక్కడ అంబాసిడర్‌గా అవతరించింది. ఇంగ్లండులో ఆ నమూనా కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. ఇక్కడ మాత్రం చిన్న చిన్న మార్పులతో 2014 మే నెల దాకా, అంటే యాభై ఏడేళ్ళు తయారైంది. మనలో ఎంతోమంది సర్వీసులో చేరి, పదవీ విరమణ చేసి, మనవళ్ళ పెళ్ళిళ్ళు చూసినంత కాలం అన్నమాట.

కార్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. డిపాజిట్టు కట్టి, పేరు నమోదు చేయించుకుని, వరుస వచ్చేదాకా కాచుకోవాలి. కొన్న కారును రెండేళ్ళలోపు అనుమతి లేకుండా అమ్మకూడదని షరతు. 1970లలో కూడా దేశమంతా కలిపి ఏడాదికి తయారైన కార్లు యాభై వేలు దాటలేదు. అందువల్ల పాత కారును పారేయడం అనే మాటే లేదు. ఒక బండి నలుగురైదుగురి చేతులు మారి, ఇంజను మూడు నాలుగు సార్లు బోరింగు చేయించుకుని, చివరకు టాక్సీగా తిరిగి తిరిగి అరిగిపోయేది.

అలాంటి రోజుల్లో, 1966లో మా ఊరికి ఒక అంబాసిడర్ వచ్చింది. మార్క్ టూ రకం, ఆకాశనీలం రంగు. వేరుశనగ నూనె మిల్లు పెద్దాయన మూడేళ్ళు కాచుకుని మద్రాసు నుంచి తెచ్చుకున్నారు. పేరు రాయడం ఆయన కుటుంబానికి ఇష్టం ఉండకపోవచ్చు కనుక పెద్దాయన అనే అంటాను. ఊళ్ళోకి వచ్చిన రోజు గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గండి ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకుపోయి పూజ చేయించారు. పదహారు వేలు పైచిలుకు పడిందని ఊళ్ళో చెప్పుకున్నారు. మరుసటి ఏడాది నేను లోయర్ డివిజన్ క్లర్కుగా చేరినప్పుడు నా చేతికి వచ్చిన జీతం నూట డెబ్బై రూపాయలు. కాఫీ కూడా తాగకుండా దాచినా ఎనిమిదేళ్ళ జీతం. కారు కొనాలన్న ఆశ మాకు పుట్టనే లేదు, పుట్టకపోవడం వల్ల బాధ కూడా లేదు.

కారు పెద్దాయనదే అయినా, ఊరంతా దానిని మిల్లు కారు అనేవారు. పెళ్ళి మెరవణికి మిల్లు కారు. కాన్పుకు మిల్లు కారు. కడుపునొప్పితో విలవిలలాడే మనిషిని రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా వేలూరు ఆసుపత్రికి చేర్చడానికి మిల్లు కారు. ఎవరు పోయి అడిగినా ఆయన ఒకే మాట అనేవారు: "పెట్రోలు పోసుకోండప్పా, చాలు." బాడుగ అడిగినట్టు నేను ఎన్నడూ వినలేదు. కారు ఆయనకు హోదా కాదా అంటే హోదానే. కానీ ఊరికి ఒకటే ఉన్నప్పుడు దానిని ఇంట్లో పెట్టుకుని తలుపు వేసుకోవడం మర్యాద కాదన్న తెలివి ఆయనకు ఉంది. ఊరి మంచినీళ్ళ బావి ఎవరి పొలంలో ఉన్నా అందరూ చేదుకున్నట్టే.

1971 ఆశ్వయుజంలో ఒక రాత్రి మా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. మంత్రసాని అర్ధరాత్రి దాకా చూసి, "నా చేతిలో లేదు నాయనా, కడపకు తీసుకపోండి" అని చేతులు ఎత్తేసింది. బయట వాన. నేను మిల్లు దగ్గరికి పరుగెత్తి తలుపు తట్టాను. డ్రైవరు ఊరికి పోయి ఉన్నాడు. పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని తానే స్టీరింగు పట్టారు. అప్పటి అంబాసిడర్‌కు గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ముందర కూడా ఒకటే పొడవాటి సీటు. వెనుక సీటు మీద మా అమ్మ ఒడిలో తల పెట్టుకుని అక్క, ముందర నేను, ఆయన. కడప యాభై కిలోమీటర్లకు దగ్గర. దారిలో ఒక వంక పారుతోంది. ఆయన బండి ఆపి, టార్చిలైటు తీసుకుని, మోకాలి లోతు నీళ్ళలో అవతలి గట్టు దాకా నడిచి చూసి వచ్చారు. నేను భయపడి, "పెద్దాయనా, బండి ఆగిపోతే?" అన్నాను. "బండిదేముందిరా, రేపు ఎద్దులు కట్టి లాగిస్తాం. బిడ్డ దక్కాల గదా" అని మొదటి గేరు వేసి, ఎక్కడా యాక్సిలరేటరు వదలకుండా దాటించారు. తెల్లవారేసరికి కడప పెద్దాసుపత్రిలో మగపిల్లవాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. నేను పెట్రోలు డబ్బులు ఇస్తే తీసుకున్నారు, అంతకు మించి పైసా తీసుకోలేదు.

ఇప్పుడు నా తప్పు సంగతి.

1972లో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. మన రెవెన్యూ మిత్రులకు తెలుసు, ఎన్నికల పనికి ప్రైవేటు వాహనాలను కూడా చట్టప్రకారం స్వాధీనం చేసుకోవచ్చు. మిల్లు కారుకు నోటీసు రాసింది నేనే, తీసుకుపోయి ఇచ్చిందీ నేనే. ఆయన చదివి, సంతకం పెట్టి, తాళం చెవి నా చేతిలో పెట్టారు. పది రోజుల తర్వాత కారు తిరిగి వచ్చినప్పుడు వెనుక పట్టీలు రెండు విరిగి, వెనుక భాగం ఒక పక్కకు ఒరిగి ఉంది. మా మెట్ట దారుల్లో ఎవరో ఎక్కువమందిని ఎక్కించి తోలినట్టున్నారు. మరమ్మతుకు నూట నలభై రూపాయల బిల్లు పెట్టారు. ఆ బిల్లు మా ఆఫీసుకు వచ్చి, ఫైలై, నా బల్ల మీదికి వచ్చింది. పైనుంచి ఒక అభ్యంతరం పడింది: విరిగినది డ్యూటీలోనే అని ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం ఇవ్వవలసిన అధికారి బదిలీ అయిపోయారు. నేను ఒక జ్ఞాపిక రాసి పంపి, ఫైలును అడుగున పెట్టాను. కొత్తగా చేరినవాణ్ణి, పై అధికారిని మళ్ళీ మళ్ళీ అడగడానికి భయం. భయం కొంత, బద్ధకం కొంత. రెండేళ్ళు ఆ ఫైలు నా దగ్గరే ఉంది. తర్వాత నాకు బదిలీ అయింది. ఆ నూట నలభై రూపాయలు ఆయనకు అందాయో లేదో నేను కనుక్కోలేదు. ఆయన ఎన్నడూ అడగలేదు. వీధిలో కనబడితే, "మేనల్లుడు ఎట్లుండాడప్పా?" అనే అడిగేవారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు. 1989లో ఆయన కాలం చేశారు. నేను క్షమాపణ చెప్పకుండానే మిగిలిపోయాను.

ఈలోగా కాలం మారింది. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళం చెవి అందజేశారు. ధర నలభై ఏడున్నర వేలు. తేలిక బండి, పెట్రోలు తక్కువ తాగేది, రోజూ పానా పట్టుకోనక్కరలేదు. అంబాసిడర్ మెల్లగా సర్కారు బండిగా, టాక్సీగా మిగిలింది. 1980ల ఆరంభం నుంచి డీజిల్ ఇంజను, 1990లలో జపాను ఇసుజు ఇంజను వచ్చినా ఆ వరుస మారలేదు. మా మిల్లు కూడా దెబ్బతింది. వర్షాలు లేక వేరుశనగ తగ్గింది. 1994 నుంచి పామాయిలు దిగుమతి సులభమై చిన్న మిల్లులకు గిరాకీ పోయింది. పెద్దాయన కొడుకులు బెంగళూరు చేరారు. కారు మిల్లు షెడ్డులో, చెక్కు మూటల పక్కన, నాలుగు ఇటుకల గుట్టల మీద నిలిచిపోయింది.

2004లో నేను డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను. ముప్పై ఏడేళ్ళ సర్వీసు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ చేతికి వచ్చిన నెలలోనే మిల్లు స్థలం అమ్మకానికి వచ్చిందని తెలిసింది. పాత ఇనుము కొనేవాడు కారుకు పదకొండు వేలు కట్టాడు. రేపు వచ్చి గ్యాసుతో కోసుకుపోతాడన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే బెంగళూరుకు ఫోను చేసి పదిహేను వేలకు మాట్లాడుకున్నాను. మా ఇంటామెతో చెప్పినప్పుడు, "ఆ దుడ్డు పెట్టింటే మేడ మీద ఒక గది పడేది గదా" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఫైలు సంగతి అప్పుడే ఆమెకు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా, "సరే, తెచ్చుకోండి" అంది.

ఇక్కడ, పాత కారు కొనాలని ముచ్చటపడే మన పింఛనుదారులకు నాలుగు మాటలు చెప్పాలి. నా అనుభవం ఎవరికైనా పనికి రావచ్చు.

మొదటిది, కారు ధర చూసి మురిసిపోవద్దు. పదిహేను వేలకు కొన్న బండికి తొమ్మిది నెలల్లో తొంభై ఆరు వేలు పెట్టాను. లెక్క పుస్తకం ఇప్పటికీ ఉంది. అడుగు రేకులు, అతుకులు 14,000. ఇంజను బోరింగు, పిస్టన్లు 18,500. రంగు 16,000. టైర్లు 9,000. వైరింగు, డైనమో, బ్యాటరీ 8,500. సీట్లు 7,000. బ్రేకులు 6,000. చిల్లర ఖర్చులు 11,000. మిగిలిన 6,000 అసలైన సిలిండర్ హెడ్డు తెస్తానని అడ్వాన్సు తీసుకుని మళ్ళీ కనబడని ఒక బ్రోకరుకు సమర్పణ.

రెండవది, రంగును కాదు, అడుగును చూడాలి. జీపుకు, లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు వేరే చాసిస్ ఉండదు. బాడీయే బండి బరువు మోస్తుంది. అందుకే తలుపుల కింది గట్లు, అడుగు రేకులు తుప్పు పట్టి ఉంటే ఎంత మెరిసినా కొనకూడదు. ఈ విషయంలో మన కరువు సీమ ఒక మేలు చేసింది. సముద్రపు గాలి, ఎడతెగని వానలు లేకపోవడం వల్ల ఇక్కడి బండ్లకు తుప్పు తక్కువ. బదులుగా మన ఎండలు రబ్బరును, సీటు గుడ్డను, రంగును తినేస్తాయి. మా బండికి ఇనుము చాలావరకు గట్టిగానే ఉంది, రబ్బరు అన్నది మాత్రం ఒక్క ముక్క మిగల్లేదు.

మూడవది, పెట్రోలు మారింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోటును ఆ సీసమే కాపాడేది. కాబట్టి హెడ్డు విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోవాలి. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. అది పాత రబ్బరు పైపులను, కార్బురేటరు వాషర్లను మెత్తబరుస్తుంది. మా మేస్త్రీ ఆ పైపులన్నీ మార్చాడు. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచవద్దని చెప్పాడు.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కాగితాలు. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్.సి. పుస్తకంతో సరిపోవాలి. మా బండికి ఆర్.సి. పుస్తకమే లేదు. యజమాని చనిపోయిన బండి కనుక వారసుల పేరున మార్పుకు ఫారం 31, పోయిన పుస్తకానికి నకలు కోసం ఫారం 26, అక్కడి నుంచి నా పేరుకు బదిలీకి ఫారాలు 29, 30, రిజిస్ట్రేషను పొడిగింపుకు ఫారం 25. వారసులు ముగ్గురు, మూడు ఊళ్ళు. నేను బల్లకు ఇవతల నిలబడి అయిదు నెలలు తిరిగాను. ఒక రోజు ఒక కుర్ర గుమాస్తా, "మీ ఫైలులో ఒక పత్రం తక్కువ ఉంది సార్, పైకి రాశాము" అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగిపోయింది.

బండి విప్పి బిగించిన మేస్త్రీ మా ఊరి మనిషే. చిన్నప్పుడు మిల్లు కారుకు పంక్చర్లు వేసిన చేతులు. విడిభాగాలు కొన్ని బెంగళూరు జె.సి. రోడ్డులో, కొన్ని మద్రాసు పుదుపేటలో ఏరుకొచ్చాము. వెనుక పట్టీలు విప్పిన రోజు ఆయన నన్ను పిలిచి, "చూడండి సార్, రెండు ఆకులు వేరే రకం. ఎప్పుడో మార్చినట్టుంది" అన్నాడు. 1972 నాటి నూట నలభై రూపాయల పట్టీలవి. మారుస్తానన్నాడు. బాగుంటే ఉండనియ్యమన్నాను. ఇప్పటికీ అవే ఉన్నాయి.

2005 శ్రావణ మాసం, శనివారం. బండి మొదటిసారి రోడ్డెక్కి గండికి బయలుదేరింది. శ్రావణ శనివారాలు గండిలో తిరుణాల సంగతి మీకు తెలిసిందే. పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే చోట జనం కిటకిటలాడుతారు. నడిపింది నా మేనల్లుడు, అప్పటికి ముప్పై మూడేళ్ళవాడు. వెనుక మా అక్కను కూర్చోబెట్టాము. ఊరు దాటేదాకా ఏమీ అనలేదు. తర్వాత సీటు మీద చెయ్యి పెట్టి నిమిరి, "గుడ్డ మార్చినట్టుండావే తమ్ముడా" అంది. అంతే. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను ముందరి అద్దంలో చూశాను.

చిత్రం ఏమిటంటే, ఆ శ్రావణంలోనే, 2005 ఆగస్టు 15న, హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. తర్వాత జిల్లాలన్నిటికీ వచ్చింది. ఇప్పుడు మా ఊళ్ళో అర్ధరాత్రి ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఫోను చేస్తే బండి వస్తుంది. కార్లు వీధికి పది ఉన్నాయి. మిల్లు కారు ఏ పని చేసేదో ఆ పని దానికి లేకుండా పోయిన ఏడాదే నేను దానిని బాగు చేయించాను. ఇది నష్టమా అంటే కాదు. కాన్పుకు మిల్లు తలుపు తట్టవలసిన అవసరం ఎవరికీ రాకపోవడం కన్నా మంచి సంగతి ఏముంది? అయినా కారుకు పని పూర్తిగా పోలేదు. పెళ్ళిళ్ళకు అడుగుతారు. ఆటో ఎక్కలేని ముసలివాళ్ళు, ఎత్తయిన సీటు, వెడల్పాటి తలుపు అని దీనినే అడుగుతారు. లీటరుకు తొమ్మిది పది కిలోమీటర్లకు మించి ఇవ్వదు. మొదటి గేరు బండి పూర్తిగా ఆగితే తప్ప పడదు. ఎండాకాలం ఇంజను వేడెక్కితే ఆపి, మనమూ దిగి, టీ తాగి బయలుదేరాలి.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే ఉన్న బండ్లకు వీ.ఏ. అనే అక్షరాలతో కొత్త వరుస నంబరు ఇస్తారు. రుసుము ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి సంబరపడి, "నాన్నా, మన బండికి అర్హత ఉంది, విలువ పెరుగుతుంది, పెట్టేద్దాం" అన్నాడు. నేను పాత అలవాటు కొద్దీ నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. అలా నమోదైన బండిని ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. మామూలు రాకపోకలకు వాడకూడదు. నిబంధన సరైనదే, అపురూపమైన బండ్లను కాపాడటానికి అది అవసరం కూడా. కానీ ఈ బండిని పెళ్ళికి పంపకూడదు, ముసలివాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోకూడదు అంటే, అది ఇంక మిల్లు కారు ఎట్లా అవుతుంది? వద్దన్నాను.

అందుకే అయిదేళ్ళకోసారి మామూలు పొడిగింపే చేయిస్తున్నాను. 2020లో ఆరు వందలు ఉన్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలైంది. 2025 జూన్‌లో అది కట్టి వచ్చాను. ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు పది వేలు చేశారు. 2030లో కట్టవలసింది అదే. అప్పటికి నేను ఉంటానో లేదో తెలియదు. మేనల్లుడితో చెప్పి ఉంచాను. నడపగలిగినన్నాళ్ళు నడుపు, నడవలేని రోజు వచ్చినప్పుడు అమ్ము, బాధపడవద్దు, ఇనుము ఇనుమే. ఆ బాకీ తీరిందా అని నన్ను నేను చాలాసార్లు అడుగుకున్నాను. తీరలేదు. తీసుకోవలసిన మనిషి లేడు. ఆయన చేసిన పనిని నాకు చేతనైనంత కాలం చేస్తూ పోవడమే నాకు తెలిసిన దారి.

ఈ సంచిక చదివే మిత్రులలో ఇప్పటికీ ఏదైనా ఆఫీసులో పనిచేసే పిల్లలు ఉన్నవారు ఉంటారు. మీ బల్ల మీద అడుగున ఏ ఫైలు ఉందో ఒకసారి చూసుకోమని మీ పిల్లలకు నా మాటగా చెప్పండి.

చివరిగా ఒక మనవి. మన సంఘం సభ్యుల ఇళ్ళలో పెళ్ళి మెరవణికి గానీ, షష్టిపూర్తికి గానీ, గండి దర్శనానికి గానీ కారు కావలసి వస్తే వేంపల్లెలో ఆ వేపచెట్టు ఇల్లు అడగండి, ఎవరైనా చూపిస్తారు. బాడుగ లేదు. పెట్రోలు పోసుకుంటే చాలు.